మన ఫైలు ఏ గదిలో ఉంది? హోం శాఖ, విద్యాశాఖ, పార్లమెంటు కమిటీల చరిత్ర



పోయిన నెల మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. "అన్నా, స్కాలర్‌షిప్ పడలేదు. ఆఫీసుకి పోతే కాలేజీలో అడగమన్నారు. కాలేజీలో అడిగితే పైనుంచి రావాలన్నారు. ఆ పైన ఉండేది ఎవరన్నా? వాళ్ళని అడిగేవాళ్ళు ఎవరూ లేరా?" అన్నాడు.

ఎంపీ గారు అడుగుతారు కదరా అన్నాను. "ఎక్కడ అడుగుతారు? టీవీలో చూస్తే అందరూ అరుచుకోవడమే కనిపిస్తది గదా" అన్నాడు. నా దగ్గర సరైన జవాబు లేదు. పార్లమెంటు అంటే టీవీలో కనిపించే ఆ పెద్ద హాలే అని నేనూ చాలాకాలం అనుకున్నాను. అసలు ప్రశ్నలు అడిగే చోటు వేరే ఉంది. కెమెరాలు ఉండవు, అరుపులు ఉండవు, ఒక గది, ఒక పెద్ద బల్ల. ఒకవైపు ఎంపీలు, ఎదురుగా శాఖ కార్యదర్శి, ఆయన వెనక ఫైళ్ళు పట్టుకున్న అధికారులు. దాన్నే పార్లమెంటరీ స్టాండింగ్ కమిటీ అంటారు, తెలుగు పేపర్లలో స్థాయీ సంఘం అని రాస్తారు.

ఆ గదుల్లోకి మన సంగతి ఎలా వెళ్ళింది, ఎక్కడ వెళ్ళకుండా పోయింది అన్నదే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళకి పాలిటీలో పనికొస్తుంది, మిగతావాళ్ళకి బతుకులో పనికొస్తుంది.

ముందు హోం శాఖ సంగతి

గిరిజన సంక్షేమం అనగానే మనకి ఇప్పుడు ఐటీడీఏ, గిరిజన సంక్షేమ శాఖ గుర్తొస్తాయి. ఢిల్లీలో అయితే గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ. కానీ ఆ మంత్రిత్వ శాఖ పుట్టింది 1999 అక్టోబరులో. అంటే ఈ గ్రూపులో చాలామంది కంటే అది రెండు మూడేళ్ళు పెద్దదంతే. అంతకు ముందు మన ఫైలు ఎక్కడుండేది?

హోం శాఖలో. పోలీసులు, సరిహద్దులు, శాంతిభద్రతలు చూసే శాఖలోనే "ట్రైబల్ డివిజన్" అని ఒక విభాగం ఉండేది. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి 1985 సెప్టెంబరు దాకా ప్రధానంగా అక్కడే. ట్రైబల్ సబ్ ప్లాన్ అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, అంటే 1974-75 నుంచి మొదలైంది. మన ఐటీడీఏలకి మూలం ఆ ప్రణాళికే. అప్పుడు కూడా మన సంగతి చూసింది హోం శాఖే.

ఎందుకు హోం శాఖ? దీనికి పాత కారణం ఉంది. బ్రిటిష్ వాడికి కొండప్రాంతం అంటే బడి కట్టాల్సిన చోటు కాదు, అదుపులో పెట్టాల్సిన చోటు. ఏజెన్సీ అన్న మాటే ఆ కాలం నాటిది. రంప, గూడెం కొండల్లో మనవాళ్ళు తిరగబడిన ప్రతిసారీ ముందు వచ్చింది పోలీసు, ఆ తర్వాతే మిగతా శాఖలు. స్వాతంత్ర్యం తర్వాత ఉద్దేశం మారింది. అయిదో షెడ్యూలు వచ్చింది, కమిషనర్ వచ్చారు, ధేబర్ కమిషన్ వచ్చింది. కానీ మన ఫైలు ఉన్న బీరువా మాత్రం ఏళ్ళ తరబడి అదే శాఖలో ఉండిపోయింది.

1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం మంత్రిత్వ శాఖలను తిరగరాసింది. ఆ నెలలో రెండు పనులు జరిగాయి. విద్యాశాఖను పెద్దది చేసి మానవ వనరుల అభివృద్ధి శాఖ అని పేరు పెట్టారు (2020లో మళ్ళీ విద్యాశాఖ అయింది). గిరిజన విభాగాన్ని హోం నుంచి తీసి కొత్తగా పెట్టిన సంక్షేమ శాఖలో కలిపారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన పిల్లల చదువు, హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు హోం నుంచి బయటికొచ్చాయి. కానీ విద్యాశాఖలోకి వెళ్ళలేదు, సంక్షేమంలోకి వెళ్ళాయి. అంటే మిగతావాళ్ళ చదువు చదువు, మన చదువు సంక్షేమం. ఆ చీలిక ఈ రోజుకీ ఉంది. నవోదయ విద్యాలయాలు 1985-86లో మొదలయ్యాయి, అవి విద్యాశాఖ కింద. ఏకలవ్య మోడల్ రెసిడెన్షియల్ స్కూళ్ళు 1997-98లో మొదలయ్యాయి, అవి ఇప్పుడు గిరిజన వ్యవహారాల శాఖ కింద. రెండూ కేంద్రం డబ్బుతో నడిచే వసతి బడులే. కానీ వాటి గురించి అడిగే పార్లమెంటు కమిటీలు వేరువేరు. నవోదయలో టీచర్ లేకపోతే ఒక గదిలో అడుగుతారు, ఏకలవ్యలో టీచర్ లేకపోతే ఇంకో గదిలో అడుగుతారు.

గదులు ఎలా వచ్చాయి

పార్లమెంటు కమిటీలు కొత్తవేం కావు. ప్రభుత్వ ఖర్చుల లెక్క చూసే పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 1921లోనే ఉంది, బ్రిటిష్ కాలంలో. స్వతంత్ర భారతంలో ఎస్టిమేట్స్ కమిటీ 1950లో వచ్చింది. ఇవి డబ్బు కమిటీలు. ఖర్చయిన తర్వాత లెక్క అడగడం, పొదుపు ఎక్కడ చేయొచ్చో చెప్పడం వీటి పని.

మన కోసమే ప్రత్యేకంగా ఒక కమిటీ వచ్చింది 1968లో. షెడ్యూల్డ్ కులాలు, తెగల సంక్షేమ కమిటీ. రాజ్యాంగం 338వ అధికరణం ప్రకారం ఎస్సీ, ఎస్టీ కమిషనర్ అప్పటికే ఉన్నారు, నివేదికలు ఇస్తున్నారు. కానీ నివేదిక ఇవ్వడం వరకే ఆయన పని. దాని మీద ప్రభుత్వం ఏం చేసిందో పట్టుబట్టి అడిగే గది పార్లమెంటులో కావాలి కదా. ఆ లోటు కోసం వచ్చిన కమిటీ ఇది. 30 మంది సభ్యులు, లోక్‌సభ నుంచి 20, రాజ్యసభ నుంచి 10. ఉద్యోగాల్లో రిజర్వేషన్ అమలు, బ్యాక్‌లాగ్ పోస్టులు, కేంద్ర సంస్థల్లో మనవాళ్ళ సంఖ్య ఇవన్నీ ఇక్కడ అడుగుతారు. ఇది ఇప్పటికీ పనిచేస్తోంది.

కానీ ఒక్కో మంత్రిత్వ శాఖను ఏటా కూర్చోబెట్టి అడిగే ఏర్పాటు మాత్రం చాలాకాలం లేదు. మంత్రులే అధ్యక్షత వహించే సంప్రదింపుల కమిటీలు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. మంత్రిని అడగాల్సిన చోట మంత్రే కుర్చీలో కూర్చుంటే ఎంత గట్టిగా అడుగుతారో మీరే ఊహించుకోండి.

1989లో ప్రయోగంగా మూడు సబ్జెక్టు కమిటీలు పెట్టారు. వ్యవసాయం, పర్యావరణం-అడవులు, సైన్స్-టెక్నాలజీ. అవి బాగానే పనిచేశాయనిపించి 1993 ఏప్రిల్ నుంచి మొత్తం కేంద్ర ప్రభుత్వాన్ని 17 కమిటీల కిందికి తెచ్చారు. వీటికి శాఖలవారీ స్టాండింగ్ కమిటీలని పేరు. అందులో ఒకటి హోం వ్యవహారాలు, ఒకటి మానవ వనరుల అభివృద్ధి, అంటే ఇప్పటి విద్యా కమిటీ. ఈ రెండింటినీ రాజ్యసభ చూసుకుంటుంది. గిరిజనుల సంగతి మొదట్లో కార్మిక, సంక్షేమ కమిటీలో ఉండేది. 2004లో కమిటీలను 24కి పెంచినప్పుడు సామాజిక న్యాయం, సాధికారత కమిటీకి వచ్చింది. అది లోక్‌సభ చూసుకునే కమిటీ.

ఇప్పుడు ఒక్కో కమిటీలో 31 మంది ఉంటారు. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అన్ని పార్టీలవాళ్ళూ ఉంటారు, మంత్రులు మాత్రం సభ్యులుగా ఉండకూడదు. కమిటీ గడువు ఒక్క సంవత్సరం, ఆ తర్వాత మళ్ళీ కొత్తగా వేస్తారు.

గదిలో జరిగేది

ఫిబ్రవరి 1న బడ్జెట్ పెడతారు. ఆ తర్వాత పార్లమెంటుకి కొన్ని వారాలు విరామం ఇస్తారు. ఎంపీలకి సెలవులని మనం అనుకుంటాం. నిజానికి కమిటీలకి అది పంట కాలం. ఒక్కో శాఖ ఈ ఏడాదికి ఎంత డబ్బు అడుగుతోంది, పోయిన ఏడాది ఇచ్చింది ఎంత ఖర్చు పెట్టింది, ఎందుకు మిగిలింది అన్నది అప్పుడే చూస్తారు. దీన్నే గ్రాంట్ల డిమాండ్ల పరిశీలన అంటారు.

ముందు కమిటీ సచివాలయం శాఖకి ప్రశ్నల జాబితా పంపుతుంది. శాఖ రాతపూర్వకంగా జవాబులివ్వాలి. ఆ తర్వాత కార్యదర్శి స్వయంగా వచ్చి కూర్చోవాలి. మంత్రిని పిలవరు, అధికారినే పిలుస్తారు. ఇందులో ఒక లాభం ఉంది. సభలో మంత్రి ప్రసంగంతో తప్పించుకోవచ్చు, ఇక్కడ అధికారికి ఆ వీలు లేదు. "ఇన్ని పోస్టులు మంజూరైతే ఇన్నే ఎందుకు భర్తీ చేశారు?" అని అడిగితే అంకె చెప్పాలి. చెప్పలేకపోతే ఫలానా రోజులోగా రాసి పంపాలి. ఆ రాసింది రికార్డులో ఉండిపోతుంది.

సభలో చూడండి, బడ్జెట్ చర్చ రోజున రెండు మూడు శాఖల మీదే మాట్లాడుకుంటారు. మిగతా శాఖల లక్షల కోట్లు చర్చ లేకుండా ఒకే ఊపులో పాసవుతాయి. దాన్ని గిలటిన్ అంటారు. కాబట్టి చాలా శాఖల డబ్బు మీద నిజంగా ప్రశ్న పడేది ఈ గదిలోనే.

డబ్బు కాక ఇంకో మూడు పనులున్నాయి. సభాపతి పంపిన బిల్లులను పరిశీలించడం, శాఖల వార్షిక నివేదికలు చూడడం, దీర్ఘకాలిక విధాన పత్రాలు చూడడం. రోజువారీ పాలనలో మాత్రం వేలు పెట్టకూడదు. ఫలానా హాస్టల్ వార్డెన్‌ని మార్చండి అనే మాట అక్కడ చెల్లదు. "వసతి బడుల్లో వార్డెన్ పోస్టుల ఖాళీలెన్ని, ఎప్పటిలోగా నింపుతారు" అన్నది చెల్లుతుంది.

నివేదిక ఇచ్చాక ప్రభుత్వం మూడు నెలల్లో జవాబివ్వాలి. ఆ జవాబుల మీద కమిటీ ఇంకో నివేదిక వేస్తుంది. దాన్ని యాక్షన్ టేకెన్ రిపోర్టు అంటారు. అందులో తమ సిఫార్సులను నాలుగు రకాలుగా విడదీస్తారు: ప్రభుత్వం ఒప్పుకున్నవి, జవాబు చూశాక ఇక వదిలేసినవి, ప్రభుత్వం చెప్పిన జవాబు కమిటీకి నచ్చనివి, చివరి జవాబు ఇంకా రానివి. మీరు చదివితే నేరుగా చివరి రెండు భాగాలకి వెళ్ళండి. ప్రభుత్వం ఎక్కడ తప్పించుకుంటోందో అక్కడ తెలుస్తుంది. 2004 నుంచి ఇంకో నిబంధన కూడా ఉంది. సిఫార్సులు ఎంతవరకు అమలయ్యాయో మంత్రి ఆరు నెలలకోసారి సభలో చెప్పాలి.

ఏ గదిలో ఏముంది

మనలాంటి విద్యార్థి ఒక్కడే, కానీ వాడి జీవితం ఎన్ని గదుల్లో పంచబడిందో చూడండి.

విద్యా కమిటీలో: సెంట్రల్ యూనివర్సిటీలు, ఐఐటీలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సమగ్ర శిక్ష, జాతీయ విద్యా విధానం. ప్రొఫెసర్ పోస్టుల్లో ఎస్టీ ఖాళీల ప్రశ్న ఇక్కడికి వస్తుంది.

సామాజిక న్యాయ కమిటీలో: ఏకలవ్య స్కూళ్ళు, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, పీహెచ్‌డీ ఫెలోషిప్. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944-45లో ఎస్సీలకి మొదలై 1948-49లో మనకి వచ్చింది. ఇప్పుడు మన రాష్ట్రాల్లో కేంద్రం 75, రాష్ట్రం 25 పాళ్ళలో భరించాలి. మా తమ్ముడికి "పైనుంచి రావాలి" అన్నప్పుడు ఆ "పైన" అంటే ఈ రెండు చేతులూ. ఒకరు వేశాక ఇంకొకరు, ఒకరి లెక్క ఇంకొకరికి అందాక. పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అనలేదు.

హోం కమిటీలో: చాలామంది ఇక్కడ మనకేం పని అనుకుంటారు. జనగణన హోం శాఖ కింద జరుగుతుంది. ఏ తెగనైనా ఎస్టీ జాబితాలో చేర్చాలంటే రాష్ట్రం పంపిన ప్రతిపాదన మీద హోం శాఖ కిందుండే రిజిస్ట్రార్ జనరల్ అభిప్రాయం కావాలి, తర్వాత జాతీయ ఎస్టీ కమిషన్ కూడా ఒప్పుకోవాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో భాషలను చేర్చే ఫైలు కూడా హోం శాఖదే. 2003లో 92వ సవరణతో బోడో, సంతాలీ భాషలు ఆ షెడ్యూలులోకి వెళ్ళాయి. 2011 లెక్కల్లో గోండి తల్లిభాషగా చెప్పినవాళ్ళు 29 లక్షల పైచిలుకు, గోండి ఇంకా బయటే ఉంది. పిల్లలకి తల్లిభాషలో చదువు చెప్పాలని విద్యాశాఖ విధానం అంటుంది. ఏ తల్లిభాషకి షెడ్యూలులో చోటుందో చూసేది హోం శాఖ. ఒకే పిల్లాడి నాలుక, రెండు శాఖలు.

ఇక మావోయిస్టు ప్రభావిత జిల్లాల పథకాలు, క్యాంపులు కూడా హోం శాఖవే. ఛత్తీస్‌గఢ్ కేసులో భద్రతా బలగాలు స్కూళ్ళు, హాస్టళ్ళు ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. బడిలో క్యాంపు పెడితే అది హోం సమస్యా, విద్య సమస్యా? అక్కడి నుంచి గోదావరి దాటి మన వైపు అడవుల్లోకి వచ్చి పడిన కుటుంబాల పిల్లలకి ఆ తేడా తెలియదు, బడి పోయిందన్నదే తెలుసు.

నా రెండు కాగితాలు

కమిటీ గది గుండా వెళ్ళిన చట్టానికీ, గది పక్కనుంచి వెళ్ళిపోయిన చట్టానికీ తేడా ఏంటో పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. మా ఇంట్లో ఉన్న రెండు కాగితాల వల్ల తెలిసింది.

మొదటిది మా నాన్న పోడు పట్టా. 2005 డిసెంబరు 13న అటవీ హక్కుల బిల్లు లోక్‌సభలో పెట్టారు. ఆ బిల్లులో కటాఫ్ తేదీ 1980 అక్టోబరు 25. అంటే ఆ రోజుకి ముందు సాగులో ఉన్న భూమికే హక్కు. బిల్లుని రెండు సభల సంయుక్త కమిటీకి పంపారు. దాని చైర్మన్ వి. కిశోర్ చంద్రదేవ్, మన పార్వతీపురం ఎస్టీ నియోజకవర్గం ఎంపీ. ఇది స్టాండింగ్ కమిటీ కాదు, ఒక్క బిల్లు కోసం వేసిన కమిటీ. కానీ గది అదే రకం: సాక్ష్యాలు, అధికారులు, సంఘాలు, రాతపూర్వక మెమొరాండాలు. 2006 మేలో నివేదిక ఇచ్చారు. కటాఫ్ తేదీని 2005 డిసెంబరు 13కి మార్చమన్నారు. ప్రభుత్వం కమిటీ చెప్పినవన్నీ తీసుకోలేదు, కానీ ఇది తీసుకుంది. 2006 డిసెంబరులో చట్టం పాసైంది. బిల్లులో రెండున్నర హెక్టార్లుగా ఉన్న పరిమితి చట్టంలో నాలుగు హెక్టార్లయింది.

మా నాన్న ఆ చెలక కొట్టింది తొంభైల్లో. 1980 తేదీ అలాగే ఉంటే ఆ పట్టా లేదు. అది లేకపోతే ఏం జరిగేదో ఈ గ్రూపులో చెప్పక్కర్లేదు.

రెండో కాగితం నా కులధ్రువీకరణ పత్రం. మాది చింతూరు వైపు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఖమ్మం జిల్లా. చదువు, ఆసుపత్రి, సంత అన్నీ భద్రాచలమే. 2014 ఫిబ్రవరి 13న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో పెట్టారు. 18న పాసైంది, ఆ రోజు టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. 20న రాజ్యసభలో పాసైంది. వారం రోజులు. హోం శాఖ బిల్లు, కానీ హోం కమిటీ గడప తొక్కలేదు. ఆ తర్వాత మే నెలాఖరున ఆర్డినెన్సు వచ్చింది. పోలవరం కోసం భద్రాచలం చుట్టూ ఉన్న ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. జులైలో ఆ ఆర్డినెన్సు బదులు బిల్లు పెట్టి పాస్ చేశారు. అదీ హోం శాఖదే, అదీ కమిటీకి వెళ్ళలేదు.

పడుకున్నప్పుడు ఒక రాష్ట్రం, లేచేసరికి ఇంకో రాష్ట్రం. ఆ ఏడాది అడ్మిషన్‌కి వెళ్తే ఒక చోట "ఈ సర్టిఫికెట్ పాత జిల్లాది, చెల్లదు" అన్నారు. కొత్త జిల్లాలో అడిగితే "మీ రికార్డు ఇంకా అటునుంచి రాలేదు" అన్నారు. ఎవరి తప్పూ కాదనుకుందాం, ఆ క్లర్కులకీ ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ బిల్లు ఒక గదిలో నెల రోజులు కూర్చుని ఉంటే, ఎవరో ఒక సభ్యుడు "ఈ మండలాల్లో చదువుకుంటున్న పిల్లల స్థానికత ఏమవుతుంది? స్కాలర్‌షిప్ ఏ రాష్ట్రం ఇస్తుంది?" అని అడిగి ఉండేవాడు కదా? హోం కార్యదర్శి ఏదో ఒక జవాబు రాసి ఇవ్వాల్సి వచ్చేది కదా? ఆ ఒక్క కాగితం ఉంటే నా ఒక ఏడాది మిగిలేది.

యూనివర్సిటీ కథ

అదే విభజన చట్టంలో మనకో హామీ కూడా ఉంది. పదమూడో షెడ్యూలులో: ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, తెలంగాణలో ఒకటి గిరిజన విశ్వవిద్యాలయం కేంద్రం పెట్టాలి. ఆ షెడ్యూలులో చెప్పిన పనులకి 93వ సెక్షన్ గడువు పెట్టింది, అపాయింటెడ్ డే 2014 జూన్ 2 నుంచి పదేళ్ళు.

ఇక్కడ చూడండి. విభజన చట్టం అమలు సమన్వయం హోం శాఖది. యూనివర్సిటీ బిల్లు పెట్టాల్సింది విద్యాశాఖ. స్థలం ఇవ్వాల్సింది రాష్ట్రం. డబ్బు ఆర్థిక శాఖ. హామీ ఒక గదిలో, పని ఇంకో గదిలో. ఆంధ్రప్రదేశ్ గిరిజన యూనివర్సిటీ చట్టం 2019లో వచ్చింది. విజయనగరంలో ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ సెంటర్‌లో క్లాసులు మొదలయ్యాయి. శాశ్వత క్యాంపస్‌కి శంకుస్థాపన 2023 ఆగస్టులో జరిగింది. తెలంగాణది ఇంకా ఆలస్యం. 2023 అక్టోబరులో కేంద్ర కేబినెట్ 889.07 కోట్లు ఒప్పుకుంది, డిసెంబరులో చట్టం పాసైంది. సమ్మక్క సారక్క పేరుతో ములుగులో. పదేళ్ళ గడువులో తొమ్మిదిన్నరేళ్ళు చట్టానికే పోయాయి.

లెక్క వేసుకోండి. 2014లో ఆరో తరగతిలో చేరిన మన చెల్లెలు 2019లో పది, 2021లో ఇంటర్, 2024లో డిగ్రీ పూర్తి చేసింది. తన కోసం చట్టంలో రాసిన యూనివర్సిటీలో చేరకుండానే తన చదువు అయిపోయింది.

కమిటీలు లేకనా? ఉన్నాయి. ఏటా గ్రాంట్ల పరిశీలన ఉంది. కానీ కమిటీ మాట ప్రభుత్వాన్ని కట్టిపడేయదు. సలహా మాత్రమే. చేస్తే చేయొచ్చు, లేకపోతే "పరిశీలనలో ఉంది" అని రాయొచ్చు. ఏటా సభ్యులు మారతారు, పోయిన ఏడాది గట్టిగా అడిగినవాడు ఈ ఏడాది ఇంకో కమిటీలో ఉంటాడు. పైగా సమావేశాలు మూసిన తలుపుల వెనక. అందువల్ల పార్టీ గీతలు పక్కనబెట్టి మాట్లాడతారని ఒక మంచి ఉంది. ఎవరు అడిగారు, ఎవరు మౌనంగా కూర్చున్నారు అన్నది మనకి తెలియదన్నది చెడు.

ఇంకో పెద్ద సంగతి, బిల్లులు ఈ గదుల్లోకి వెళ్ళడమే తగ్గిపోయింది. 15వ లోక్‌సభలో (2009-14) సుమారు 71 శాతం బిల్లులు కమిటీలకి వెళ్ళాయి. 17వ లోక్‌సభలో (2019-24) సుమారు 16 శాతం. వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూశాం. 2023 ఆగస్టు 11న మూడు కొత్త నేర చట్టాల బిల్లులు పెట్టి హోం కమిటీకి పంపారు. నవంబరులో నివేదికలు వచ్చాయి. డిసెంబరులో పాత బిల్లులు వెనక్కి తీసుకుని, మార్చిన బిల్లులు పెట్టి పాస్ చేశారు. కొందరు సభ్యులు అసమ్మతి నోట్లు రాశారు, టైం చాలలేదన్నారు. ఆ చట్టాలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. గదిలోకి వెళ్ళిన బిల్లు వెళ్ళినట్టే బయటికి రాలేదు, అసమ్మతి కూడా అచ్చులోకి ఎక్కింది. అది మాత్రం నిజం.

మరి మనం ఏం చేయాలి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఎవరిని అడగాలో తెలియకుండా అడిగితే మా తమ్ముడిలా ఆఫీసుకీ కాలేజీకీ మధ్య తిరగడమే అవుతుంది.

ఒకటి, మీ ఎంపీ ఏ కమిటీలో ఉన్నారో చూడండి. లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలో సభ్యుల పేర్లుంటాయి. విద్యా కమిటీలో లేని ఎంపీకి యూనివర్సిటీ మెమొరాండం ఇచ్చి ఫోటో దిగితే ఫోటోనే మిగులుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీల్లో ఆ కమిటీలో ఎవరున్నారో వెతికి, వాళ్ళకి కూడా ఇవ్వండి.

రెండు, కమిటీలు ఏదైనా బిల్లు గానీ విషయం గానీ చేపట్టినప్పుడు ప్రజల అభిప్రాయాలు పంపమని పత్రికల్లో ప్రకటన ఇస్తాయి. గడువు తక్కువే ఉంటుంది. ఆ ప్రకటన కనిపించిన రోజే ఇక్కడ పెట్టండి. రాసేటప్పుడు ఆవేశం తగ్గించి అంకెలు పెంచండి. "మా హాస్టల్లో 240 మందికి ఆరు బాత్రూములు" అని రాస్తే అధికారి జవాబు చెప్పాలి. "గిరిజనులకి అన్యాయం జరుగుతోంది" అని రాస్తే ఆయన తల ఊపి వెళ్ళిపోతాడు.

మూడు, రాబోయే జనగణన. 2027 మార్చి 1 రిఫరెన్స్ తేదీ. ఎన్యూమరేటర్ మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు తల్లిభాష దగ్గర మీ భాష పేరు చెప్పండి. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర, కొలామి మాట్లాడుకుంటూ కాగితంలో తెలుగు అని రాయిస్తే, రేపు ఏ కమిటీ గదిలోనైనా మన భాష గురించి ఎవరైనా అడిగినప్పుడు అధికారి చూపించేది ఆ అంకెనే.

మా తమ్ముడికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇదే. పైనోళ్ళని అడిగే గదులు ఉన్నాయిరా. పాతికేళ్ళు పైబడి పనిచేస్తున్నాయి. నివేదికలు అచ్చవుతున్నాయి, మనం చదవడం లేదు. హోం శాఖ బీరువాలోంచి సంక్షేమ శాఖకి, అక్కడి నుంచి గిరిజన శాఖకి మన ఫైలు తిరిగినంత కాలం దాని వెనకాల మనం లేము. మా నాన్న పట్టా మీద తేదీ మారిందంటే, ఆ గదికి ఎవరో మన తరఫున కాగితం పంపారు కాబట్టి.

ఆ ఎవరో ఈసారి మనమే కావాలి. స్కాలర్‌షిప్ ఆగినవాళ్ళు కింద కాలేజీ పేరు వద్దు, సంవత్సరం, కోర్సు, ఎన్ని నెలలుగా ఆగిందో మాత్రం రాయండి. అందరివీ కలిపి ఒక మెమొరాండంగా నేను టైప్ చేస్తాను.

జోహార్.